గాజుసీసాలో కొర్రమట్ట

ఈమధ్య ఆబిడ్స్‌లో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. వానలు మొదలయ్యాయంటే నా ఛాతీ నా మాట వినదు, ఆయన మాట కాస్త వింటుంది. ఆయన బల్ల మీద కొత్తగా ఒక గుండ్రటి గాజుబుడ్డి వచ్చి చేరింది. లోపల నీళ్ళు, ఇంత నాచు, గోటి ముక్కంత రొయ్యపిల్లలు రెండు. మూత లేదు, ఎక్కడా అతుకు కూడా కనిపించదు. దీనికి తిండి వెయ్యక్కర్లేదు, గాలి తగలక్కర్లేదు, దాని లోకం దానిదే అని డాక్టరు మురిసిపోతూ చెప్పాడు. ఎవరో పేషెంటు కానుకగా ఇచ్చాడట. స్టెతస్కోపు నా వీపు మీద పెట్టి గట్టిగా పీల్చమన్నాడు. నాకు పీల్చబుద్ధి కాలేదు. దాన్ని కొంచెం అవతల పెట్టమని అడిగితే నవ్వి, ఓ జానెడు పక్కకి జరిపి ఊరుకున్నాడు.

నలభై దాటినదాన్ని, గాజుబుడ్డిని చూసి జడుసుకున్నానంటే ఎవరికైనా నవ్వే వస్తుంది. కానీ నేను చిన్నప్పుడే అలాంటిది ఒకటి చూశాను. అందులో ఏం జరిగిందో కూడా చూశాను.

అప్పుడు మేం నాంపల్లి స్టేషను వెనక సందులో ఉండేవాళ్ళం. ఒక వాకిలి, దాని చుట్టూ నాలుగు కిరాయి గదులు, అందరికీ కలిపి ఒక నల్లా. సందు మొదట్లో ఇరానీ హోటలు చాయ్ మరిగే వాసన, సందు చివర రైలు బ్రేకుల కాలిన వాసన. అమ్మ కాన్పుకని పుట్టింటికి పోతే, ఇల్లు చూసుకోవడానికి ఊరి నుంచి నాయనమ్మ వచ్చింది. బాపు ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిరపకాయల గోదాములో పనిచేసేవాడు. సాయంత్రం ఆయన సందు మలుపు తిరిగాడంటే ముందు నా దగ్గుకే తెలిసేది. పాపం ఆయన వాకిట్లోనే అంగీ విప్పేసి, మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని అప్పుడు లోపలికి వచ్చేవాడు. ఎంత కడిగినా ఆ ఘాటు గోళ్ళ సందుల్లో ఉండిపోయేది. నన్ను దగ్గరికి తీసుకోవడం ఎప్పుడో మానేశాడు. నాయనమ్మకు అంత మొహమాటం లేదు. గడప మీద కూర్చుని చుట్ట ముట్టించి, గుప్పుగుప్పున పొగ వదులుతూ, ఈ పోరికి దమ్ము ఎందుకు ఎగబోస్తుందోనని వాకిట్లో వాళ్ళందర్నీ అడిగేది. నా ఉబ్బసానికి మా ఇంట్లో అందరూ తలా ఒక చెయ్యి వేశారు.

ఆ ఏడు మృగశిర కార్తె నాడు బాపు నన్ను చేపమందుకు ఎగ్జిబిషన్ గ్రౌండుకు తీసుకుపోయాడు. మా సందు నుంచి నడిచిపోయే దూరమే. నడిచి వెళ్ళగలిగిన మేము వెనకపడ్డాం, ఎక్కడెక్కడి నుంచో రైళ్ళెక్కి వచ్చినవాళ్ళు ముందే లైన్లో ఉన్నారు. దేశంలో ఆయాసపడే వాళ్ళందరినీ ఒక్కచోట నిలబెడితే ఆ చప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. బాపు కొర్రమట్ట చేపపిల్లలు రెండు కొన్నాడు. తోపులాటలో ఒకటి చచ్చినా ఇంకొకటి ఉంటుందని ఆయన ముందుచూపు. నీళ్ళు పోసిన ప్లాస్టిక్ కవరును నెత్తి మీద పెట్టుకుని ఆ జనంలో నన్ను ఈడ్చుకుపోయాడు. మా వంతు వచ్చాక, పచ్చటి మందు ముద్దను చేప నోట్లో పెట్టారు. బాపు నా ముక్కు మూశాడు. నోరు తెరవక తప్పలేదు. చేప నా గొంతులో మెలికలు తిరుగుతూ దిగింది. ఎక్కడి దాకా దిగిందో నేను వేలు పెట్టి చూపించగలను. అయిపాయె బిడ్డా, అయిపాయె అంటూ బాపు నా వీపు రుద్దాడు.

రెండో చేప చావలేదు. అలా మిగిలిపోయిన చేపపిల్లలు ఆ రోజుల్లో నాంపల్లిలో చాలా ఇళ్ళలో ఉండేవి. పిల్లలు రెండు రోజులు ఆడుకునేవాళ్ళు, మూడో రోజుకి పిల్లి ఆడుకునేది. మా నాయనమ్మ కవరు ఎత్తి వెలుతురులో తిప్పి చూసింది. ఏలెడంత లేదు, పులుసులో వేస్తే ముల్లు కూడా దొరకదని పెదవి విరిచి, దాన్ని పాత ఇనప బక్కెట్లో పడేసింది. ఇక అది నాదైపోయింది. అన్నం మెతుకులు వేశాను, చీమల్ని పట్టి వేశాను. నల్లా కింద గుంతలో కదిలే దోమపిల్లల్ని పెంకుతో ఎత్తి తెచ్చి వేశాను. గంటలు గంటలు బక్కెట్ దగ్గర గొంతుక్కూర్చునేదాన్ని. అది కాసేపు అడుగున పడుకునేది. తర్వాత పైకి వచ్చి, నీళ్ళ మీద మూతి పెట్టి, గుటుక్కున ఒక గుటక వేసి మళ్ళీ కిందికి పోయేది. ఆయాసం వచ్చినప్పుడు నేను చేసేదీ అంతే. మెడ పైకెత్తి ఒక్కో గుటక గాలిని మింగుతాను. నాలాగే చేసే ప్రాణిని నేను అంతవరకు చూడలేదు. దాని మీద నాకు పిచ్చి ప్రేమ పుట్టింది.

మందు మింగాక పథ్యం ఉండాలి. పులుపు లేదు, కారం లేదు, పచ్చడి పేరెత్తకూడదు. పక్కగది వాళ్ళు అప్పుడే కొత్త మామిడికాయ తొక్కు పెట్టి, జాడీలు వాకిట్లో ఆరబెట్టారు. ఆ నూనె వాసనకు మా వాకిట్లో పిల్లి కూడా నిద్రపోలేదు. ఒక మధ్యాహ్నం నేను జాడీ వాసెన గుడ్డ లేపి, వేలు ముంచి నోట్లో పెట్టుకున్నాను. వెనక నుంచి నాయనమ్మ నా జడ పట్టుకుంది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. బక్కెట్ దగ్గరికి లాక్కుపోయి కూర్చోబెట్టింది.

"నీ కడుపుల వొయినదానికి గిది తోడవుట్టింది. నువ్వు గిట్లనే పథ్యం తప్పితివనుకో, గిది సస్తది. గిది సచ్చిన్నాడు నీ దమ్ము గూడ ఆగుతది" అంది.

చెప్పేసి, చుట్ట ఆరిపోయిందని అగ్గిపెట్టె వెతుక్కుంటూ వెళ్ళిపోయింది. నేను మాత్రం అక్కడే ఉండిపోయాను. ఆ రోజు నుంచి నాకు ఒకటే పని. అది బతికుందా లేదా అని చూడటం. పొద్దున కళ్ళు తెరవగానే బక్కెట్ దగ్గరికి పరిగెత్తేదాన్ని. అది పైకొచ్చి గుటక వేసేదాకా నేను ఊపిరి బిగబట్టేదాన్ని. అది గుటక వేశాకే నేనూ పీల్చేదాన్ని. తొక్కు జాడీ వైపు మళ్ళీ చూస్తే ఒట్టు.

సెలవులైపోయి బడి తెరిచారు. మా బడి ఆబిడ్స్‌లో ఒక సందులో ఉండేది. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్ తొడుగులు అమ్మే దుకాణాలున్నాయి. మాకు సైన్సు చెప్పే టీచరు కోస్తా నుంచి వచ్చినావిడ. గంజి పెట్టిన చీర, అచ్చులాంటి చేతిరాత. మేం నోరు తెరిచి గిట్లా గట్లా అంటే చాలు, ఆవిడ చెవులు మూసుకునేది. నా ఛాతీలో వచ్చే పిల్లికూతలు విని మొదటి రోజే నాకు హార్మోనియం అని పేరు పెట్టింది. ఆ పేరు సాయంత్రానికల్లా బడంతా పాకింది. అయినా ఆవిడ పాఠం చెబుతుంటే క్లాసులో ఈగ వాలిన చప్పుడు కూడా వినిపించేది. అంత బాగా చెప్పేది, ఆ మాట ఒప్పుకోకపోతే పాపం తగులుతుంది.

ఆ ఏడు మొదటి పాఠం జీవావరణం. బోర్డు నిండా పెద్ద సున్నా చుట్టి, ఇది భూమి అంది. ఇంత భూమిలోనూ ప్రాణం ఉండేది ఎక్కడో తెలుసా అని అడిగింది. సుద్దముక్కతో తాను గీసిన గీతను వేలితో చూపించింది. ఈ గీత మందంలోనే అంది. నేల, నీరు, గాలి మూడూ కలిసే ఈ పల్చటి పొరలోనే చెట్టూ చేమా, పిట్టా పురుగూ, మనమూ ఉన్నామంది. వెలుగు చొరని సముద్రం అడుగున చేపలున్నాయట. మరిగే నీటి ఊటల్లో, మంచుగడ్డల కింద, బండరాళ్ళ పగుళ్ళలో కంటికి కనిపించని జీవులున్నాయట. ఆ పొర దాటి లోపలికి పోతే నిప్పు, పైకి పోతే శూన్యం. ఆ పొరలో ఎవరూ ఒంటరిగా బతకరట. ఆకు వదిలిన గాలి మనకి ఊపిరి, మనం వదిలింది ఆకుకి తిండి. ఎక్కడో ఒక ప్రాణం పోతే ఆ దెబ్బ ఇంకెక్కడో ఇంకో ప్రాణానికి తగులుతుందని చెప్పింది. నాయనమ్మ బక్కెట్ దగ్గర చెప్పిన మాటే కదా ఇది. చదువుకున్నావిడా చదువుకోనావిడా ఒకే మాట చెబితే ఇంక అనుమానం ఏముంటుంది?

పైకి పోయేకొద్దీ గాలి పల్చబడుతుందని చెబుతూ టీచరు నా వైపు చూసింది.

"ఏమ్మా హార్మోనియం, ముందుకొచ్చి నిలబడు. పెద్ద పర్వతాలెక్కితే మనిషి ఎలా ఊపిరి తీస్తాడో అందరికీ చూపించు" అంది.

నేను నిలబడ్డాను. భయానికి ఛాతీ ఇంకా బిగుసుకుంది. భుజాలు ఎగరేసి ఎగరేసి పీలుస్తుంటే క్లాసంతా చెవులు రిక్కించి విన్నది. ఇదిగో, జీవావరణం అంచున ప్రాణం ఇలా ఉంటుందని టీచరు వివరించింది. పిల్లలు నవ్వారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. నవ్విన వాళ్ళలో ముందు బెంచీ పిల్ల గొంతు నాకిప్పటికీ గుర్తే, ఎందుకంటే నా చేప సంగతి నేను చెప్పుకున్నది ఆ పిల్లకే.

కొన్నాళ్ళకి లక్డీకాపూల్ విద్యాశాఖ ఆఫీసు నుంచి ఎవరో పెద్ద అధికారి బడి చూడ్డానికి వస్తున్నాడని తెలిసింది. టీచరు ఆయనకి చూపించడానికి ఒక జీవావరణాన్ని తయారుచేస్తానంది. పెద్ద గాజుసీసా, అడుగున మట్టి, అందులో నీటిమొక్కలు, ఒక చేప. మూతకి మైనం పోసి బిగించేస్తారు. మొక్క ఇచ్చిన గాలితో చేప బతుకుతుంది, చేప ఇచ్చిన ఎరువుతో మొక్క బతుకుతుంది, బయటి నుంచి ఎండ తప్ప ఏమీ అక్కర్లేదు, ఇక వాటికి చావే ఉండదు అని చెప్పింది. చేప ఎవరు తెస్తారని అడిగితే ముందు బెంచీ పిల్ల వెనక్కి తిరిగి నన్ను చూపించింది.

నన్నెవరూ బలవంతపెట్టలేదు. చావే ఉండదు అన్న మాట నాకు చాలు. బక్కెట్లో ఉన్నంతకాలం పిల్లి భయం, నాయనమ్మ భయం, ఎండకి నీళ్ళు వేడెక్కుతాయని భయం. సీసాలో పెట్టి మైనం పోస్తే ఇక దానికి ఢోకా లేదు. దానికి లేకపోతే నాకూ లేదు. పొద్దున దాన్ని నా నీళ్ళ సీసాలో పోసుకుని, దారి పొడుగునా మూత తెరిచి పట్టుకుని నడిచాను. నాంపల్లి నుంచి ఆబిడ్స్ దాకా అంత సంతోషంగా నేను ఎప్పుడూ నడవలేదు.

టీచరు సీసాను అంచుదాకా నింపింది. పైన కొంచెం వెలితి ఉందని ఒక పిల్ల అంటే, వెలితి ఉంటే చేప ఆ గాలితో బతుకుతోందని వచ్చినాయన అంటాడు, బుడగ కూడా ఉండకూడదని గ్లాసుతో ఇంకాస్త పోసింది. మూత బిగించింది. కొవ్వొత్తి వెలిగించి చుట్టూ మైనం కార్చింది. నిజంగా చాలా అందంగా ఉంది. ఆకుపచ్చటి మొక్కల మధ్య నల్లటి నా చేప అటూ ఇటూ తిరిగింది. అందరం చప్పట్లు కొట్టాం.

తర్వాత అది గుటక కోసం పైకి వచ్చింది.

మూతి మూతకి కొట్టుకుంది. కిందికి పోయి మళ్ళీ వచ్చింది. మళ్ళీ కొట్టుకుంది. నాకు అర్థమైపోయింది. ఆ పని రోజూ నేను చూసిందే, రోజూ నేను చేసేదే. టీచర్ దగ్గరికి పోయి, అది పైకొచ్చి గాలి మింగుతుంది, మూత జర తెరవమని బతిమాలాను.

"చేపలు మొప్పలతో నీళ్ళలోంచే గాలి తీసుకుంటాయి. చిన్న క్లాసు పాఠం అది. నీకే సరిగ్గా ఊపిరి తీయడం రాదు, చేపకి నేర్పుతావా?" అంది టీచరు.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. పుస్తకంలో చేప అంటే అలాగే ఉంది. కొర్రమట్ట ఆ పుస్తకం చదవలేదు. మధ్యాహ్నం అన్నం గంట కొట్టగానే నేను క్లాసులోకి దూరి, గోటితో మైనం గీకడం మొదలుపెట్టాను. సగం కూడా ఊడలేదు, టీచరు వచ్చింది. స్కేలు అంచుతో వేళ్ళ కణుపుల మీద కొట్టింది. కరిగిన మైనం మళ్ళీ కొత్తగా పోసింది. ఇంత ప్రేముంటే దీని పక్కనే నిలబడు, అధికారి వచ్చినప్పుడు పాఠం నువ్వే అప్పచెప్పు అంది.

ఆయన భోజనం చేసి వచ్చాడు. పక్కన హెడ్‌మాస్టరు, వెనక చాయ్, బిస్కెట్ల పళ్ళెం. నేను సీసా పక్కన నిలబడి అప్పచెప్పాను. జీవావరణం అనగా భూమిపై జీవులు నివసించే భాగం. ఒక్కో మాటకీ ఒక్కో గుటక. నా మోచేతి దగ్గర అది మూతని కొట్టుకుంటూనే ఉంది, అయితే మెల్లగా, ఆగి ఆగి. నేల, నీరు, గాలి కలిసిన పొర. అది పక్కకి ఒరిగింది. ఇందులో ప్రతి జీవీ మరొక జీవిపై ఆధారపడును. తెల్లటి పొట్ట పైకి తిరిగింది. ఆ మాట దగ్గరే నా గొంతు ఆగిపోయింది. అధికారి సీసా వైపు వంగి చూసి, చేప పడుకుందా అని అడిగాడు. అవునండీ, మధ్యాహ్నం పూట విశ్రాంతి తీసుకుంటుందండీ అని టీచరు చెప్పింది. చాలా బాగుంది అన్నాడాయన. పాపకి జలుబు చేసినట్టుంది, మందిప్పించండి అని కూడా అన్నాడు. బిస్కెట్ కొరుక్కుంటూ పక్క గదికి వెళ్ళిపోయాడు.

నేను ఇంటికి వచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాను. చచ్చిపోవడానికి సిద్ధంగా ఉన్నాను. పెద్ద ఏడుపేమీ లేదు, భయం మాత్రం ఉంది. ఎప్పుడు ఆగుతుందా అని ఒక్కో ఊపిరినీ విడిగా వింటూ కూర్చున్నాను. అన్నం ముట్టలేదు. బాపు మందుబిళ్ళ వేయబోతే ఉమ్మేశాను. మర్నాడు బడికి పోలేదు. బాపు దిగులుగా పనికి పోయాడు. నాయనమ్మ ఎదురుగా కూర్చుని, చుట్ట ముట్టించకుండా చేతిలోనే పట్టుకుని, నా నోట్లోంచి సంగతంతా రాబట్టింది. విన్నాక చచ్చినోని కండ్లు చారెడు అని ఒక మాట విసిరింది. బియ్యం సంచి ఖాళీ చేసి భుజాన వేసుకుని ఎటో పోయింది.

బేగంబజార్ చేపల మార్కెట్‌కి పోయిందని సంచి చూశాక తెలిసింది. సంచి కదులుతోంది. నల్లా దగ్గర బట్టలుతికే బండ మీద దాన్ని బోర్లించింది. మోచెయ్యంత కొర్రమట్ట, ప్రాణంతో ఉంది. బండ మీద ఎగిరెగిరి పడుతూ, నోరు తెరిచి గుటకలు వేసింది. నాయనమ్మ నా చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చి దాని ముందు కూర్చోబెట్టింది. నేను కళ్ళు మూసుకుంటే చెంప మీద ఒక్కటిచ్చి తెరిపించింది.

"సూడు మంచిగ. దీనికి గూడ నీ అసొంటి దమ్మే" అంది.

పచ్చడి బండతో తల మీద కొట్టింది. రెండో దెబ్బకి అది తోక ఆడించడం మానేసింది. నాయనమ్మ చుట్ట వాసన వేసే చేతిని నా ఛాతీ మీద పెట్టి నొక్కింది.

"దానిది వాయె. నీది పోయిందా?"

ఆమె ఇంకా గట్టిగా నొక్కింది. ఆ చెయ్యి కింద నా పిల్లికూతలు నాకే వినిపించాయి.

"లేదు" అన్నాను. మరి నువ్వే చెప్పావు కదా అని ఏడుపు మొదలుపెట్టాను.

"నువ్వు తొక్కుల ఏలు వెట్టకుండ ఉంటవని చెప్పిన. ఎవల దమ్ము వాళ్లదే బిడ్డా. ఎవలు సచ్చినా ఎవలది ఆగది. లే, పొయ్యిలకెళ్లి బూడిద వట్కరా" అంది.

నేను లేచాను. బూడిద తెచ్చాను. ఆమె రుద్దుతుంటే నీళ్ళు పోశాను. పథ్యం గిథ్యం జాన్తా నై అంటూ ఆమె చింతపండు పిసికింది. మెంతులు వేగిన వాసన వాకిలంతా కమ్ముకుంది. ఎంత ఏడ్చి ఉన్నానో అంత ఆకలిగా ఉంది. తింటూ ఏడ్చాను, ఏడుస్తూ ఇంకో ముక్క వెయ్యమన్నాను. ఇన్నేళ్ళలో అంత రుచి నా నాలుకకి మళ్ళీ తగల్లేదు. ఇది చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

ఆ మందు పనిచేసిందా అని ఎవరైనా అడిగితే నాకు తెలియదనే చెబుతాను. ఇంకో రెండేళ్ళు మింగాను, మధ్యలో దవాఖాన మందులూ మింగాను, ఇప్పుడు సంచీలో మందు పీల్చే పంపు పెట్టుకుని తిరుగుతున్నాను. టీచరు మీద కోపం మాత్రం పోలేదు, పోగొట్టుకోవాలని కూడా లేదు. ఆవిడ చెప్పిన పాఠం మాత్రం అక్షరం తప్పు లేదు. దాన్ని కాదనడానికే మా నాయనమ్మ బేగంబజార్ దాకా నడిచిపోయి, ఎవరి ఊపిరి వాళ్ళదేనని నాకు చూపించడానికి ఒక ప్రాణం తీసింది. ఆ ప్రాణం పోకపోతే నేను ఆ గోడ దగ్గర నుంచి లేచేదాన్ని కాదు. ఇది నాకు పెద్దయ్యాక తట్టింది, అప్పటికి చెప్పడానికి ఆమె లేదు. ఆ రోజు మాత్రం నేను ఇంకేం ఆలోచించలేదు. ముళ్ళు తీసిపెట్టమని కంచం ముందుకు జరిపాను. నీ నోరు లేదా, నీ చెయ్యి లేదా అని నాయనమ్మ తన ముక్క తాను తింది. నా ముళ్ళు నేనే ఏరుకున్నాను.